ఒక్క విడతకి మూసుకోదు

మొన్నొక మధ్యాహ్నం నరసరావుపేటలో బస్సు దిగి చెప్పులు కొందామని ఒక కొట్టుకి వెళ్లాను. షట్టరు సగం దాకా దించి ఉంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. మనిషి కాళ్లు కనిపిస్తున్నాయి, తల కనిపించడం లేదు. వంగి, "తెరిచారా, మూశారా?" అని అడిగాను.

"అన్నం తింటన్నా సార్, ఏం గావాలా?" అన్నాడు లోపలి మనిషి.

ఎండలో నిలబడి నాలో నేను నవ్వుకున్నాను. మా మాస్టారే గనక పక్కన ఉంటే ఆ జవాబుతో ఊరుకునేవారు కారు. షట్టరు కింద దూరి, తింటున్న మనిషి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తెరిచి ఉండటం, మూసి ఉండటం ఒకదానికొకటి వ్యతిరేకం కాదనీ, రెండూ అయినవి ఉంటాయనీ, రెండూ కానివీ ఉంటాయనీ, ఈ కొట్టు ఇప్పుడు రెండో రకమనీ నచ్చజెప్పి, అతని పెరుగన్నం పులిసిపోయేదాకా లేచేవారు కారు.

ఆయన పోయి ఏడాది దాటింది. పేరు రాయను. రాసినా ఊళ్లో సగం మందికి తెలియదు. డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. పిల్లలు లిమిట్ మాస్టారు అనేవారు. పిల్లలు అంటున్నారు కాబట్టి ఊరంతా అదే అనేది. అదే కాలేజీలో నేను తెలుగు చెప్పేవాణ్ణి. ఆయనకి మనుషుల పేర్లు గుర్తుండేవి కావు, సబ్జెక్టులు గుర్తుండేవి. నన్ను "ఏమయ్యా తెలుగూ" అని పిలిచేవారు. ఆయన భార్య ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. నలుగురిలో ఆవిణ్ణి "బాటనీ" అని పిలిచేవారు. ఇంట్లో ఏమని పిలిచేవారో నాకు తెలియదు. నాకు ఆవిడ వదినగారు.

పొట్టిగా ఉండేవారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, రెండు అరచేతులూ దూరంగా పెట్టి, మెల్లగా దగ్గరికి తెస్తూ, తగలబోయే ముందు ఆపేసేవారు. "కలిశాయా?" అని అడిగేవారు. "కలవలేదు సార్." "కలుస్తాయా?" ఇక్కడ క్లాసు రెండుగా చీలిపోయేది. కొత్తగా చేరిన ప్రిన్సిపాల్ ఒకాయన దూరం నుంచి ఇది చూసి, మాస్టారు తనకి నమస్కారం పెట్టబోయి మానేశారని అనుకుని చాలాకాలం మాట్లాడలేదు.

బ్యాంకులో కౌంటరు మీద "మూసివేయబడినది" అని అట్టముక్క కనిపిస్తే ఆయన ముందుకి కదిలేవారు కారు. "దేనిలో మూశారండీ? చుట్టూ ఏముందో చెప్పకుండా మూశామంటే అర్థం ఉండదు కదా" అని అడిగేవారు. మేనేజరు దాన్ని ఫిర్యాదు అనుకుని లోపలికి పిలిచి టీ ఇప్పించేవాడు. టీ తాగుతూ మాస్టారు ఆ మేనేజరుకి టోపాలజీ పాఠం మొదలుపెట్టేవారు. ఆ బ్యాంకుకి మేనేజర్లు బదిలీ మీద వస్తూ పోతూ ఉండేవారు. అందులో ఈయన పాత్ర ఎంతో నేను చెప్పలేను.

ఈ మూయడం గొడవ ఏమిటో ఊరి మొత్తం మీద శ్రద్ధగా విన్నది ఒక్కడే, ఆయన బామ్మర్ది. వదినగారి తమ్ముడు. ఈపూరు దగ్గర సేద్యం. సేద్యం కంటే నాయకత్వం ఎక్కువ. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, చేతిలో రెండు ఫోన్లు, వెనక నలుగురు మనుషులు. పక్క రైతుతో అతనికి గట్టు తగాదా ఉండేది. ఒక ఆదివారం బావగారింటికి వచ్చి ఆ సంగతి ఎత్తాడు. నేనూ అక్కడే ఉన్నాను.

మాస్టారి కళ్లు మెరిశాయి. "ఒరేయ్, నీ చేలో నువ్వు గట్టు దిక్కు నడుస్తన్నావనుకో. ఉన్న దూరంలో సగం నడిచావు. మిగిలినదాంట్లో మళ్లీ సగం. మళ్లీ సగం. ప్రతి అడుగూ నీ చేలోనే పడతంది. అవునా?"

"నా చేలో కాక ఎవడి చేలో పడిద్ది బావా?"

"ఆ అడుగులు ఎక్కడికి చేరతన్నాయి? గట్టుకి. అదే లిమిట్టు. ఆ గట్టు నీదైతే నీ చేను మూసిన సెట్టు. నీది కాకపోతే, అడుగులన్నీ నీవే, చేరే చోటు మాత్రం నీది కాదు. అప్పుడు నీ చేను మూసినట్టు కాదు. గట్టుని కూడా కలుపుకుంటే మూతపడిద్ది. దాన్నే సీక్వెన్షియల్ క్లోజర్ అంటారు."

బామ్మర్ది ఊపిరి బిగబట్టి విన్నాడు. "అంటే గట్టుని కలుపుకోవచ్చు."

"కలుపుకుంటేనే మూతపడిద్ది."

"బావా, ఈ ముక్క కోర్టులో చెప్తావా?"

వదినగారు వంటింట్లోంచి పెద్దగా నవ్వింది. ఆవిడకి ఈ సిద్ధాంతం మీద మొదటి నుంచీ గౌరవం లేదు. పెరట్లో కుండీలో అత్తిపత్తి పెంచేది. ఇంటికి ఎవరొచ్చినా ఆకు చివర వేలితో తాకి చూపించేది. చివరి జత ముడుచుకునేది, దాని వెనక జత, దాని వెనక జత, అలా కాడ దాకా. "ఇదీ వరసగా మూసుకోవటమంటే. మీ సెట్లు ఎప్పుడన్నా కదిలినాయా? మూసినట్టు మీరు అనుకోవటమేగా" అనేది. "మళ్లీ తెరుచుకునేదాన్ని క్లోజరనరే" అనేవారు ఆయన. పక్కింట్లో ఎవరికన్నా బిడ్డ పుడితే ఇద్దరూ కలిసి వెళ్లేవాళ్లు. ఆవిడ బిడ్డ తల నిమిరి వెనక మాడు ముందు మూసుకుంటుందనీ, ముందు మాడు ఆ తర్వాతెప్పుడో తీరిగ్గా మూసుకుంటుందనీ చెప్పేది. ఆయన ఆ లెక్కన తలకాయ గణితంలో ఏ రకం స్పేసో ఆలోచిస్తూ నిలబడేవారు. బిడ్డ తల్లి భయపడి బిడ్డని లోపలికి తీసుకుపోయేది.

ఆయనకి మోకాళ్ల నొప్పులు ఉండేవి. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని, మరమరాలు తిన్నట్టు తినేవారు. ఒకరోజు కడుపులో నొప్పి మొదలైంది. గ్యాసన్నారు. వాము నమిలారు. సోడా తాగారు. నొప్పి తగ్గలేదు, క్లాసు మానలేదు. చివరికి బోర్డు మీద సున్నా గీస్తూ గీస్తూ అది పూర్తికాకుండానే కింద కూర్చుండిపోయారు. పిల్లలు అది కూడా పాఠంలో భాగమేమోనని కాసేపు చూశారట.

ఆసుపత్రి డాక్టరమ్మది పెదకూరపాడు వైపు. మాట కరుకు. కడుపు కోసి చూస్తే పేగుకి చిల్లు పడి, లోపలంతా చీము పట్టి ఉంది. చిల్లు పూడ్చి, కడిగింది. కానీ పేగులు ఉబ్బిపోయి పొట్ట అంచులు కలవడం లేదు. ఆవిడ కుట్టలేదు. శుభ్రం చేసిన సెలైన్ సంచిని కత్తిరించి, ఆ ప్లాస్టిక్ షీటుని పొట్ట మీద పరిచి చుట్టూ కుట్టి వదిలేసింది. రెండు రోజులకోసారి థియేటర్‌కి తీసుకుపోయి, కడిగి, అంచులు ఇంకాస్త దగ్గరికి లాగుతానంది. పేగుల వాపు దిగాక లోపలి గట్టి పొర, ఆ తర్వాత చివరగా చర్మం కుడతానంది.

మత్తు పూర్తిగా దిగాక ఆయన అడిగిన మొదటి ప్రశ్నకి నేను సాక్షిని. గొంతు నూతిలోంచి వచ్చినట్టుంది.

"మూయలేదా డాక్టరమ్మా?"

"ఒక్కసారికి మూసుకోదు మాస్టారూ. విడతలు విడతలుగా మూస్తా. సీక్వెన్షియల్ క్లోజరంటారు."

ఆ రెండు ముక్కలూ విని ఆయన మంచం మీద లేవబోయారు. నర్సు వచ్చి భుజాలు అదిమి పట్టింది. "ఏమయ్యా తెలుగూ, విన్నావా? మామూలు చోట్ల లిమిట్లన్నీ ఒకసారి కలుపుకుంటే సెట్టు మూతపడిద్ది. కొన్ని వింత స్పేసులుంటాయి. అక్కడ ఒకసారి కలిపితే మళ్లీ కొత్త లిమిట్లు బయటపడతాయి. వాటినీ కలపాలి. మళ్లీ చూడాలి. అట్టాంటిది ఒకటి చూపించండి సార్ అని పిల్లలు అడిగేవాళ్లు. నా పొట్టేనయ్యా అది!"

ఆ సంతోషం కొంతసేపే. తర్వాత ఆయన డాక్టరమ్మ చెయ్యి పట్టుకున్నారు. "చివరికి చేరిద్దని ప్రూఫేంది?"

ఆవిడ తడుముకోలేదు. "ప్రూఫ్ లేదు మాస్టారూ. విడత విడతకీ తెరిచి చూసుకోవటమే. బాగుంటే దగ్గరికి లాగుతా. బాగాలేకపోతే ఆగుతా."

ఆయన పరీక్షలో ఆ జవాబు రాసినవాణ్ణి జీవితంలో పాస్ చేయని మనిషి. ఆవిడ చెయ్యి వదిలి, "సరే, కానీండి" అన్నారు. అప్పుడే ఆయన మొహంలో భయం చూశాను. అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మర్నాటి ఉదయానికి ఈపూరు నుంచి రెండు జీపులు దిగాయి. బామ్మర్ది ముందు, అతని మనుషులు వెనక, అందరికన్నా వెనక యూట్యూబ్ ఛానెల్ అని మెడలో కార్డు వేసుకున్న ఒకతను. కార్డు మీద అతని ఫొటో ఉంది, ఛానెల్ పేరుకి చోటు చాల్లేదు. ఫోను పైకెత్తి, "ప్రేక్షకులారా, పొట్ట కోసి కుట్టకుండా గాలికొదిలేసిన వైద్యులు" అని మొదలుపెట్టాడు.

"గేటు తీసిన కొట్టంలాగా వదిలేశారు మా బావని!" బామ్మర్ది గొంతు వీధి దాకా వినిపిస్తోంది. "ఇప్పుడే, నా కళ్ల ముందు కుట్టాలా. లేకపోతే ఒక్క అద్దం మిగలదు ఈడ. అక్కా, నువ్వు సంతకం పెట్టు, గుంటూరు తీసుకుపోదాం. ఆడ ఒక్క దెబ్బకి మూస్తారంట."

డాక్టరమ్మ గ్లౌజులు విప్పుకుంటూ బయటికొచ్చింది. "కుట్టమంటావా? కుడతా. బలవంతాన మూస్తే లోపల ఒత్తిడికి ముందు మూత్రం ఆగిద్ది, తర్వాత ఊపిరి ఆగిద్ది. అది కూడా తీస్తాడా ఆ ఫోనులో?"

ఫోను కొంచెం కిందికి దిగింది. అయినా గోల ఆగలేదు. అక్కడున్న ప్రతి మనిషీ వైద్యం చెప్పాడు. ఒకతను బర్రె పొట్ట కుట్టించిన సంగతి చెప్పాడు. ఒకతను మిషను కుట్టు మంచిదా, చేతి కుట్టు మంచిదా అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. నేను "శాంతించండి" అన్నాను. ఆ మాట పల్నాటిలో ఎవరి మీదా పనిచేయగా నేను చూడలేదు.

వదినగారు అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. ముందుకొచ్చి డాక్టరమ్మతో, "నన్ను చూడనీండి. చూశాక చెప్తా" అంది.

"చూడలేరమ్మా."

"జీవితమంతా కోసి చూపించటమేనండీ నా ఉద్యోగం."

"నేనూ వస్తా," అన్నాడు బామ్మర్ది, మనుషుల వైపు ఒకసారి చూసి.

గౌను తొడిగి ఇద్దర్నీ లోపలికి తీసుకుపోయారు. అద్దంలోంచి నాకు కనిపించింది. దుప్పటి తొలగించారు. వదినగారు వంగి, ప్లాస్టిక్ కింద ఉన్నదాన్ని, స్లైడు చూసినట్టు చాలాసేపు చూసింది. తర్వాత భర్త నుదుటి మీద చెయ్యి వేసింది. ఆయన బామ్మర్దితో ఏదో చెబుతూ అరచేతులు రెండూ దగ్గరికి తేబోయారు. సెలైన్ గొట్టం అడ్డం వచ్చింది.

ముందు బామ్మర్ది గౌను లాగేసుకుంటూ బయటికొచ్చాడు. తెల్ల చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గోడ పట్టుకుని, జారి, వరండాలో నేల మీద కూర్చున్నాడు. "పేగులు కదలతన్నాయి సార్. బావ లోపలంతా కనపడతంది. మళ్లా ఆయన నాతో లెక్కలు చెప్తన్నాడు" అన్నాడు. యూట్యూబతను ఫోను మొహం దగ్గర పెట్టాడు. బామ్మర్ది దాన్ని చేత్తో తోసేసి, "పో. అందరూ పోండి" అన్నాడు.

వదినగారు వచ్చి, "ఎర్రగా ఉన్నాయి. కుళ్లు లేదు. పైన మూసి లోపల చీము పెట్టుకోవటం కంటే ఇదే నయం. ఎక్కడికీ తీసుకుపోను, కుట్టొద్దు" అంది. గొంతు మామూలుగానే ఉంది. కళ్లజోడు తుడుచుకోవడానికి మాత్రం కొంగు దొరకలేదు, ఒంటి మీద గౌను ఇంకా ఉందని మర్చిపోయింది.

విడతలన్నీ సాఫీగా జరగలేదు. ఒకసారి జ్వరం వచ్చి ఆపేశారు. ఒకసారి లాగిన అంచు తెగి మళ్లీ వెనక్కి పోయింది. వదినగారు కాలేజీకి సెలవు పెట్టింది. బామ్మర్ది వరి కోతలు పక్కన పెట్టి ఆ వరండాలోనే ఉన్నాడు. రెండు ఫోన్లూ మోగుతూ ఉండేవి, ఎత్తేవాడు కాదు. చర్మం కుట్టిన రోజు డాక్టరమ్మ బయటికొచ్చి "మూసుకుంది" అన్నప్పుడు, అతను లేచి, చెయ్యెత్తి దణ్ణం పెట్టబోయి, ఏడుపొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

బతికి బయటపడ్డాక మాస్టారు ఊరికి మరీ దుర్భరమైపోయారు. పొట్ట మీద మచ్చ ఒక బోధనోపకరణం అయింది. ఎక్కడపడితే అక్కడ చొక్కా ఎత్తేవారు. ఆ ఊపులో కాలేజీ చేత జాతీయ సదస్సు పెట్టించారు. విషయం: గణితంలో, జీవశాస్త్రంలో, శస్త్రచికిత్సలో సీక్వెన్షియల్ క్లోజర్. జాతి మొత్తానికి ప్రతినిధిగా వినుకొండ నుంచి ఒకాయన వచ్చాడు. దీపం వెలిగించడం, శాలువాలు, బొకేలు, వేదిక మీదివాళ్లు ఒకర్నొకరు పొగుడుకోవడంతో పొద్దు నడినెత్తికొచ్చింది. ముఖ్య అతిథి క్లోజర్ అంటే మూసివేత అనుకుని, పల్నాటిలో మూతపడ్డ జిన్నింగు మిల్లుల గురించి ఆవేశంగా మాట్లాడాడు. ఆయనకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

భోజనాల తర్వాత అసలు సమావేశం. బిర్యానీ తిన్న విద్యార్థులు బస్సులకి పోయారు. అప్పుడే కరెంటు కూడా పోయింది. హాల్లో వక్తలైన మాస్టారు, వదినగారు, డాక్టరమ్మ, నేను, మైకు సర్దుకుంటున్న మనిషి. ఆడవాళ్లిద్దరూ నవ్వాపుకుంటున్నారు. నేను, "పోనీ ఇంకోరోజు పెట్టుకుందామండీ, ఎవరూ లేరు" అన్నాను.

"ఖాళీ సెట్టు కూడా మూసిన సెట్టేనయ్యా తెలుగూ. మొదలెడదాం," అని చొక్కా గుండీలు విప్పారు.

ఆయన చెప్పింది ఆ రోజు నాకు కొంత అర్థమైంది. గణితంలో చేరే చోటు ముందే తెలుస్తుంది, ఇక ఎవరూ ఆందోళన పడక్కర్లేదు అన్నారు. శరీరానికి ఆ సౌకర్యం లేదు. అక్కడ ప్రతి విడతా, ఇదే ఆఖరేమో తెలియకుండానే పడుతుంది. "నేను మంచం మీద పడుకుని విడత విడతకీ ప్రూఫ్ రాయాలని చూశా. కుదర్లా. మా బాటనీ రోజూ వచ్చి చూసి, రంగు బాగుందనేది. అంతవరకే తెలిసేది నాకు." అని కూర్చున్నారు. వదినగారు తన ప్రసంగం మానుకుంది, ఆయన తర్వాత చెప్పడానికి ఏమీ లేదని. వాళ్ల కాపురంలో అలా ఆవిడ ఒప్పుకోవడం నేను చూడటం అదే.

ఆ తర్వాత డాక్టరమ్మ ఆయన్ని వాడుకోవడం నేర్చుకుంది. ఎవరికన్నా పొట్ట తెరిచి ఉంచాల్సొచ్చి బంధువులు గొడవకి దిగితే మాస్టారికి ఫోను చేసేది. ఆయన ఆటోలో వెళ్లి, వరండాలో వాళ్లని కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పేవారు. వాళ్లకి ఏమీ అర్థమయ్యేది కాదు. ఆయన ఆపేవారు కాదు. చివరికి అలసిపోయి ఒప్పుకునేవాళ్లు. పైగా మచ్చ చూసేవాళ్లు.

ఆయన పోయింది పొట్టతో కాదు. ఒక ఉదయం కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలోనే తల వాల్చారు. గుండె అన్నారు. వదినగారు గట్టిగా ఏడవలేదు. వచ్చినవాళ్లందర్నీ కాఫీ తాగి వెళ్లమని అడిగింది.

ఈమధ్య డాక్టరమ్మ నాకు ఫోను చేసింది. రెంటచింతల నుంచి ఒక రైతుని తెచ్చారట. అదే సమస్య, అదే గొడవ. "మాస్టారు లేరు. మీరొచ్చి నాలుగు ముక్కలు చెప్పండి" అంది. వెళ్లాను. రైతు పెద్దకొడుకు మనిషి పొడగరి, పిడికిళ్లు బిగించి నిలబడి ఉన్నాడు. నేను శస్త్రచికిత్సానంతర పరిస్థితులు అంటూ ఎత్తుకున్నాను. రేడియోలో వార్తలు విన్నట్టు విని, "మీరు పక్కకి జరగండి సార్" అన్నాడు. నేను జరిగి, ఈపూరుకి ఫోను చేశాను.

బామ్మర్ది ఒక్కడే వచ్చాడు. మనుషుల్లేరు. తెల్ల బట్టలైతే ఉన్నాయి. ఆ కొడుకు అరుస్తుంటే అడ్డం రాకుండా మొత్తం విన్నాడు.

"లోపలికి పోయి మీ నాయన్ని చూశావా?" అని అడిగాడు తర్వాత.

"చూళ్లా. ఏందంట చూసేది? గుంటూరు తీసుకుపోతన్నాం."

"పోదువులే. ముందు చూడు. నేనూ వస్తా, ఒక్కడివి చూడలేవు."

అతని భుజం మీద చెయ్యేసి లోపలికి తీసుకుపోయాడు. నేను బయటే ఉన్నాను. చాలాసేపటికి ఇద్దరూ వచ్చారు. బామ్మర్ది అతన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, తను పక్కనే కింద కూర్చున్నాడు. వరి ఎలా ఉందని అడిగాడు. మిరప వేశారా అని అడిగాడు. మూసుకుంటుందని గానీ, మూసుకోదని గానీ అనలేదు. గుంటూరు మాట ఆ అబ్బాయీ మళ్లీ ఎత్తలేదు.

కొంత తేరుకున్నాక ఆ కొడుకు, "మీరు డాక్టరా అండీ?" అని అడిగాడు.

"కాదు."

"మరి లెక్చరరా?"

"పదో క్లాసు తప్పా అబ్బాయ్" అన్నాడు అతను, కండువాతో మొహం తుడుచుకుంటూ. "నేను బామ్మర్దిని."